మందు మానేశారు, ప్లాస్మిడ్ మానలేదు

భోగాపురం, పూసపాటిరేగ తీరంలో రొయ్యల చెరువుల తగవు మళ్లీ లేచింది. చెరువుల్లో యాంటీబయాటిక్ మందులు వేయడం ఎప్పుడో మానేశాం, సరుకులో అవశేషాల్లేవని ల్యాబే చెబుతోంది, ఇంకా మా మీద పడతారేం అన్నది రైతుల మాట. మరి మందుకు లొంగని బ్యాక్టీరియా ఎందుకు పోవడం లేదన్నది డాక్టర్ల మాట. నిషేధాల చరిత్ర అందరికీ తెలిసిందే. 2019 జులైలో ఆక్వాతో సహా ఆహార జంతువులన్నింటికీ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ అమ్మకాన్ని కేంద్రం ఆపేసిందన్నది గుర్తుంటే చాలు.

బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ తన కాపీల లెక్క ఎలా కాపాడుకుంటుందన్న అసలు ముడి విప్పింది 1980, 81 సంవత్సరాల్లో, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో, జపాన్ శాస్త్రవేత్త టోమిజావా బృందం. వాళ్లు పట్టుకున్నది ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియాలో ఉండే కోల్-ఈ1 అనే చిన్న ప్లాస్మిడ్‌ని. ప్లాస్మిడ్ అంటే క్రోమోజోముతో పని లేకుండా విడిగా బతికే డీఎన్ఏ చుట్ట. మందును తట్టుకునే జన్యువులు ఊళ్లు తిరిగేది ఎక్కువగా వీటి మీదే.

కోల్-ఈ1 తన కాపీ తీసుకోవాలంటే ముందు ఆర్ఎన్ఏ-2 అనే పోగు పుట్టాలి. పుడితే చాలదు, సరిగ్గా మడత పడాలి. మడత కుదిరితే అది డీఎన్ఏకు అతుక్కుంటుంది, ఒక ఎంజైము దాన్ని కోస్తుంది, ఆ కోసిన కొస నుంచే కొత్త కాపీ మొదలవుతుంది. అడ్డుపడేది అదే చోట ఎదురు దిశలో పుట్టే 108 అక్షరాల ఆర్ఎన్ఏ-1. దీనికి జడపిన్నుల్లాంటి మూడు మడతలు. వాటి కొనలు ఆర్ఎన్ఏ-2 మడతల కొనలను ముందు తాకుతాయి (శాస్త్రవేత్తలు దీన్ని ముద్దు అనే అంటారు), ఆపైన రెండూ పెనవేసుకుంటాయి. ఆర్ఎన్ఏ-2 మడత చెడుతుంది, కాపీ ఆగుతుంది. ప్లాస్మిడ్లు తగ్గితే ఆర్ఎన్ఏ-1 కూడా తగ్గి కాపీలు మళ్లీ మొదలు. మేడ మీది ట్యాంకులో బంతి వాల్వు ఇలాగే పనిచేస్తుంది.

ఈ లెక్కలో మందు ప్రసక్తే లేదు. కణంలో 20 కాపీలున్నాయనుకుందాం. అది రెండుగా చీలినప్పుడు, పంపకం గుడ్డిగా జరిగినా, ఒక పిల్లకు ఒక్క ప్లాస్మిడ్ కూడా దక్కకపోయే అవకాశం సుమారు 5 లక్షల్లో ఒకటి. మందు ఆపితే లాభమే లేదని కాదు, ప్లాస్మిడ్ మోసే బ్యాక్టీరియాకు ఉన్న పైచేయి పోతుంది. కానీ అది ఒక పంటలోనో రెండు పంటల్లోనో తేలే పని కాదు.

చెరువుల్లో తిరిగేవన్నీ కోల్-ఈ1 రకమే కావు. ఆర్1 లాంటి పెద్ద ప్లాస్మిడ్లకూ కళ్లెం ఎదురు ఆర్ఎన్ఏనే. చిన్నవాటినీ తీసిపారేయలేం: 2017లో బయటపడ్డ ఎంసీఆర్-4, అంటే కొలిస్టిన్‌నే ఓడించే జన్యువు, దొరికింది కోల్-ఈ తరహా చిన్న ప్లాస్మిడ్ మీద. ఇవి సొంతంగా కదల్లేవు, పెద్ద ప్లాస్మిడ్‌ని లిఫ్ట్ అడిగి పక్క బ్యాక్టీరియాలోకి దిగుతాయి.

ఆసుపత్రుల మురుగు సంగతేమిటని రైతులు అడుగుతున్నారు. అదీ న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్లు చూపిస్తున్న ల్యాబ్ కాగితంలో ఉండేవి మందుల పేర్లు, ఎదురుగా 'లేదు' అన్న మాట. జన్యువు ఉందో లేదో చెప్పే గడి అందులో లేదు.