పెద్దవాళ్లూ మొక్కల పనీ: నేను రోజూ వినే అపోహలు

నేను ఫిజియోథెరపిస్టుని. పలాస, సోంపేట వైపు ఇళ్లకి వెళ్లి పెద్దవాళ్ల చేత వ్యాయామాలు చేయిస్తుంటాను. దొడ్లో కాస్త మొక్కల పని కూడా చెయ్యనివ్వండి అంటే ఇంట్లోవాళ్లు అనే మాటలివి.

అపోహ: "ఈ వయసులో పనేటండీ, కూర్చోబెట్టి చూసుకుంటాం."

ప్రేమతోనే అంటారు. కానీ కూర్చోబెట్టేకొద్దీ తొడల్లో కండ తగ్గిపోతుంది, చివరికి బాత్రూమ్‌కి లేవడమే గండం. 65 దాటినవాళ్లకీ వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలని, అందులో మూడు రోజులైనా తూలకుండా నిలబడే సాధన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పక్షవాతంతో కుడిచెయ్యి సరిగ్గా ఆడని ఒక పెద్దాయన, నొక్కమని రబ్బరు బంతి ఇస్తే విసుక్కుని మంచం కిందకి దొర్లించేసేవారు. పళ్లెంలో మెంతులు పోసి, రెండువేళ్లతో ఒక్కొక్కటే తీసి కుండీలో వెయ్యమన్నాను. మొదటిరోజు పదకొండు గింజలు, అందులో నాలుగు నేలపాలు. మొలకలు కనబడ్డ రోజు మాత్రం "ఇంకో కుండీ లేదేటి?" అని ఆయనే అడిగారు.

అపోహ: మొక్కలు పెంచితే బీపీ, షుగర్ మాత్రలు మానేయొచ్చు.

మానకూడదు, అంతే. మనసు తేలికపడటం మాత్రం నిజం. నెదర్లాండ్స్‌లో తోటపని అలవాటున్న 30 మందికి ముందు టెన్షన్ పెట్టే పని ఇచ్చి, తర్వాత అరగంట కొందరిని తోటలోకి పంపారు, కొందరికి పుస్తకాలిచ్చారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ అందరిలోనూ తగ్గింది గానీ తోటలోకి వెళ్లినవాళ్లలో ఎక్కువ తగ్గింది. 2011లో వచ్చిన చిన్న అధ్యయనం అది, దాన్ని పట్టుకుని మందుల చీటీ చింపెయ్యకండి.

అపోహ: మట్టిలో ఒట్టికాళ్లతో తిరిగితే మంచిది.

షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకి ముల్లు దిగినా తెలీదు. వేళ్లు మూసుకునే బూట్లే వెయ్యండి, లోపలికి వచ్చాక కాళ్లు కడిగి వేళ్ల సందులు చూడండి. ధనుర్వాతం తుప్పుమేకుతోనే వస్తుందనుకుంటారు గానీ ఆ క్రిమి మట్టిలోనే ఉంటుంది.

అపోహ: "చెమట పడుతోందిగా, నీళ్లు బాగా తాగించేస్తాం."

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో ఈ మాట ఆలోచించి అనాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి డాక్టరు చెప్పిన కొలతే. అందుకే ఎండ ముదరకముందే పని ముగించమంటాను. పురుగుమందు డబ్బా ఎవరికీ ఇవ్వొద్దు.

అపోహ: ఏ మొక్కయితేనేం?

2018 తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లన్నీ పోగొట్టుకున్న ఒక రైతుకి కొడుకు హైదరాబాద్ నుంచి క్రోటన్లు తెచ్చిపెట్టాడు. ముసలాయన వాటివైపు చూస్తేనా! పక్కింటివాళ్లు మొలకెత్తిన కొబ్బరికాయ ఒకటి ఇచ్చాక గాని మంచం దిగలేదు. దిగీ దిగగానే బకెట్ ఎత్తబోయారు. నడుం పట్టేస్తుందని బకెట్ లాక్కుని చెంబు ఇచ్చాను, నూతి దగ్గర్నుంచి మొక్క దాకా పదిసార్లు. "బకెట్టైతే ఒక్కసారిలో అయిపోనుగదా బాబూ" అని ఇప్పటికీ గొణుగుతారు. నాక్కావలసింది ఆ పదిసార్ల నడకేనని ఆయనకింకా చెప్పలేదు.