తలతో ఇచ్చినా తప్పెలా అవుతుంది?

ఫుట్‌బాల్ మ్యాచ్. ప్రత్యర్థి మీదికొస్తున్నాడు. డిఫెండర్ కాలి దగ్గరున్న బంతిని బొటనవేలితో పైకి లేపి, తలతో వెనక్కి కీపర్ చేతుల్లోకి పంపాడు. రిఫరీ విజిల్ వేసి ఎల్లో కార్డు తీశాడు. ఇలా జరిగిన ప్రతిసారీ ‘కాలితో ఇవ్వలేదు కదా’ అనే వాదన మళ్లీ లేస్తుంది.

1990 ఇటలీ వరల్డ్ కప్‌లో బంతిని మాటిమాటికీ కీపర్‌కి వెనక్కిస్తూ సాగిన కాలయాపన, దాని పర్యవసానంగా 1992లో వచ్చిన బ్యాక్‌పాస్ నిబంధన తెలిసినవే. అసలు మలుపు ఆ తర్వాతిది. మొదటి నిబంధన కాలినే పట్టించుకుంది. సహచరుడు కావాలని తన్నిన బంతిని కీపర్ చేత్తో ముట్టకూడదంది. తల, ఛాతీ, మోకాలు వదిలేసింది. ఆటగాళ్లు ఆ సందులో దూరారు.

ఫిఫా ఆ సందు మూసిన తీరు గమనించాలి. తలతో ఇవ్వడాన్ని నిషేధించలేదు, నిబంధనను తప్పించుకోవడానికి పన్నిన ఎత్తుగడను నిషేధించింది. ఉదాహరణలూ ఇచ్చింది: బంతిని కాలితో తన తలమీదికే లేపుకోవడం, మోకాళ్లమీద కూర్చుని మోకాలితో కీపర్ వైపు నెట్టడం. నేటి నిబంధన ప్రకారం కీపర్ బంతిని చేత్తో పట్టకపోయినా తప్పు తప్పే. ఎత్తు వేసినవాడికి కార్డు, అది వేసిన చోటు నుంచే ప్రత్యర్థికి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని కిక్). కీపర్ పట్టేదాకా ఆగమని రిఫరీని తప్పుబట్టేవాళ్లు ఈ వాక్యం చదివి ఉండరు.

ఆటగాడి మనసులో ఏముందో రిఫరీకెలా తెలుస్తుందని అవతలివాళ్లు అడుగుతారు. గాల్లో వచ్చిన క్రాస్‌ను డిఫెండర్ తలతో కీపర్‌కిస్తే ఎవరూ విజిల్ వేయరు. నేలమీద ఆగి ఉన్న బంతిని పనిగట్టుకుని తలకెత్తుకోవడానికి మరో కారణం ఏముంటుంది?

2019లో గోల్‌కిక్ (గోల్ ముందు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్) పెనాల్టీ ఏరియా దాటనక్కర్లేదన్నాక పాత ఎత్తు కొత్తగా వచ్చింది. కీపర్ బంతిని చిన్నగా లేపుతాడు, సహచరుడు తలతో తిరిగిస్తాడు. ఆట నిబంధనలు రాసే సంస్థ ఐఎఫ్‌ఏబీ ముందు శిక్ష వద్దు, కిక్ మళ్లీ తీయించండంది. తర్వాత గోల్‌కిక్‌నూ నిబంధనలో చేర్చింది. ఎత్తు కీపర్‌దైతే కార్డూ అతనికే.

బంతిని పట్టుక్కూర్చునే కీపర్ల సంగతి వేరు. 2000 నుంచి ఆరు సెకన్ల గడువు, దాటితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఉన్నా రిఫరీలు దాన్ని దాదాపు వాడలేదు. 2012 ఒలింపిక్స్ మహిళల సెమీఫైనల్లో అమెరికాపై కెనడా 3-2 ఆధిక్యంలో ఉండగా కెనడా కీపర్‌పై వాడితే పెద్ద దుమారమే రేగింది. ఆ ఫ్రీకిక్ నుంచే హ్యాండ్‌బాల్, పెనాల్టీ, స్కోరు సమం; చివరికి అమెరికా 4-3తో నెగ్గింది. 2025లో గడువు ఎనిమిది సెకన్లకు పెరిగింది, శిక్ష కార్నర్ కిక్‌గా మారింది. చివరి ఐదు సెకన్లను రిఫరీ చేయెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. ఎత్తుగడకు అలాంటి లెక్క లేదు. అక్కడ ఆ సందు మూసినప్పుడు ఫిఫా అన్న మాటే ఇప్పటికీ ఆధారం.