మీ ఎస్ప్రెస్సో మెషిన్‌కి ఏ రోగమూ లేదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

కాఫీ పొడిలోంచి ఒత్తిడితో వేడినీళ్ళు పంపి చిక్కటి కాఫీ తీసే ఎస్ప్రెస్సో మెషిన్లు, అందులోనూ ఇళ్ళల్లో వాడేవి, బాగుచేయడం నా పని. అలా ఒకసారి తీసే కాఫీనే షాట్ అంటారు. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి బాగుచేయడానికంటూ ఏమీ ఉండదు. "షాట్ ఒక పక్కకే పడుతోందండీ, మొదట పులుపు, చివర్లో చేదు, పంపు పోయినట్టుంది" అంటారు. అప్పటికే కొత్త మెషిన్ ధరలు కూడా చూసిపెట్టుకుని ఉంటారు.

అపోహ: షాట్ సమంగా దిగట్లేదంటే మెషిన్‌లో ప్రెషర్ తగ్గినట్టే.

వాస్తవం: జనం జేబుకి చిల్లు పెడుతున్నది ఈ మాటే, అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను. పంపు నిజంగా నీరసిస్తే షాట్ మొత్తం నీరసంగానే దిగుతుంది, ఓ మూల నుంచి పిచికారీలా చిమ్మదు. చిమ్ముతోందంటే ప్రెషర్ ఉన్నట్టే లెక్క. దాన్ని సమంగా నిలపలేకపోతున్నది మీరు నింపిన పొడి. 9 బార్ల (ప్రెషర్ కొలత) ఒత్తిడితో నీళ్ళు మీద పడితే, పొడి ఎక్కడ వదులుగా ఉందో అక్కడ చెరువుగట్టుకి గండి పడ్డట్టే. ఆ దారిలో ఉన్న పొడి సారమంతా వదిలేసి చేదు దించుతుంది, మిగతాది సరిగా తడవక పులుపే ఇస్తుంది. ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగిలితే ముందు అనుమానించాల్సింది, నీళ్ళు ఇలా ఒకే దారి చేసుకోవడాన్నే. దీన్నే చానెలింగ్ అంటారు.

ఒకావిడ మెషిన్ మోసుకొచ్చారు. అంతకుముందే వేరేచోట పంపు మార్పించారట, అయినా అదే వరస. ప్రెషర్ గేజ్ బిగించి చూస్తే ముల్లు 9 దగ్గర నిలబడింది. ఆవిడ గ్రైండర్ కూడా తెప్పించి, ఇంట్లో ఎలా తీస్తారో అలాగే తీయమన్నాను. పొడి ఆవగింజలంత ఉండలుగా, బాస్కెట్ (పొడి పోసే చిల్లుల గిన్నె) మధ్యలో గుట్టగా పడింది. దాన్ని కదపను కూడా కదపకుండా పొడి అణిచే ట్యాంపర్ పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కారు. బాటమ్‌లెస్ పోర్టాఫిల్టర్‌తో (బాస్కెట్‌ని పట్టుకునే, అడుగు తెరిచి ఉన్న పిడితో) తీశాం కదా, ఎడమ అంచు నుంచి దారంలాంటి ధార చిమ్మి నా చొక్కా పాడుచేసింది. పక్ (బాస్కెట్‌లో గట్టిపడ్డ పొడి బిళ్ళ) తట్టి చూపించాను. అంచున గుండుసూది దూరేంత రంధ్రం, దాని చుట్టూ పొడి లేతరంగుకి తిరిగి ఉంది. మళ్ళీ అదే గ్రైండ్, అదే 18 గ్రాములు. ఈసారి సన్నటి సూదులతో అడుగుదాకా కలిపి, సమంగా పరిచి నొక్కాం. 30 సెకన్లకి అటూ ఇటూగా 36 గ్రాములు, నడిమధ్య నుంచి ఒకటే ధార. కాఫీ బాగుందన్నారు గానీ, మార్పించిన పంపు డబ్బులే ఆవిడ మొహంలో కనిపించాయి.

సూదులతో కలపడం 2005లో జాన్ వైస్ అనే కాఫీ ప్రియుడు చెప్పిన పద్ధతి. సూది మందం 0.4 మిల్లీమీటర్లు ఉంటే చాలు, ఇంకా సన్నవైతే మరీ మంచిది. టూత్‌పిక్‌తో కెలికితే చాళ్ళు పడతాయి, దానికంటే ఊరుకోవడం నయం.

ఇంకా మెషిన్ మీదే అనుమానమా? పోర్టాఫిల్టర్ తీసేసి నీళ్ళు వదలండి. షవర్ స్క్రీన్ (పొడి మీదికి నీళ్ళు చల్లే జల్లెడ) నుంచి ఒక పక్కే పడుతుంటే స్క్రీన్ విప్పి, పేరుకున్న కాఫీ జిడ్డు కడగండి. బల్ల ఓ పక్కకి వాలి ఉందేమో చూడండి. రెండు కప్పుల్లో ఒకటే ఎక్కువ నిండడానికి అదీ ఓ కారణం. ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే అప్పుడు తీసుకురండి, భయపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: ఇంకా గట్టిగా నొక్కాలి.

వాస్తవం: పొడి పూర్తిగా అణిగాక ఎంత బలం వేసినా పెద్ద తేడా రాదు. వంకర లేకుండా నొక్కితే చాలు. పదమూడున్నర కిలోల బలమే పడాలని తూకం మెషిన్ మీద సాధన చేసి మణికట్టు నొప్పి తెచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అపోహ: పుల్లగా ఉంటే గ్రైండ్ ఇంకా సన్నం చేయాలి.

వాస్తవం: కొంతవరకే. 2020లో రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్ తదితరులు 'మ్యాటర్' పత్రికలో వేసిన పరిశోధన ప్రకారం, ఒక హద్దు దాటి సన్నం చేస్తే నీళ్ళు సమంగా పారక సారం తగ్గుతుంది. సన్నం చేసేకొద్దీ పులుపు పెరుగుతుంటే ఓ మెట్టు బరక వైపు తిప్పి చూడండి.

అపోహ: 9 బార్ల కంటే 15 బార్ల మెషిన్ మేలు.

వాస్తవం: డబ్బా మీద రాసేది పంపు ఇవ్వగలిగిన గరిష్ఠం. కాఫీకి అంత అక్కర్లేదు.

అపోహ: పక్ బురదలా ఉంటే షాట్ చెడినట్టే.

వాస్తవం: బాస్కెట్‌లో పైన ఖాళీ ఎక్కువున్నా, మెషిన్‌కి త్రీ-వే వాల్వ్ (షాట్ అయ్యాక మిగిలిన ప్రెషర్‌ని, నీళ్ళని బయటికి వదిలేది) లేకపోయినా అలాగే ఉంటుంది. రుచి చూడండి, చెత్తబుట్టలోకి కాదు.

అపోహ: క్రీమా (కాఫీ మీద తేలే నురగ) దట్టంగా వస్తే అంతా బాగున్నట్టే.

వాస్తవం: నిన్నగాక మొన్న వేయించిన గింజల్లో గ్యాస్ ఎక్కువ, అందుకే అంత క్రీమా. ఆ గ్యాసే పక్‌ని చెదరగొడుతుంది కూడా. ఓ వారం ఆగండి.

అపోహ: మెషిన్ మంచిదైతే గ్రైండర్ ఏదైనా ఫర్వాలేదు.

వాస్తవం: తిరగేసి చదవండి. బ్లేడ్ గ్రైండర్ సగం దుమ్ము, సగం రవ్వ చేసిపెడుతుంది, అది సమంగా తడవడం కల్ల. కొత్త మెషిన్‌కని దాచిన డబ్బు ఉంటే మంచి బర్ గ్రైండర్ (రెండు పళ్ళ చక్రాల మధ్య గింజల్ని నలిపేది) కొనుక్కోండి. అప్పటిదాకా మెషిన్‌తో వచ్చిన డబుల్ వాల్ బాస్కెట్‌తోనే (రెండు పొరలతో, అడుగున ఒకే చిన్న రంధ్రం ఉండేది) కానివ్వండి, అందులో నామోషీ ఏమీ లేదు.