బొద్దింక ఒంటి మీది మైనం

"మాది నీటి ఒడ్డున ఉన్న ఊరు. ఏడాదిలో సగం రోజులు గోడలు చెమ్మగానే ఉంటాయి. బొద్దింకల కోసం ఒక తెల్లపొడి తెచ్చి వంటింటి మూలల్లో చల్లాను. పురుగును ఎండబెట్టి చంపుతుందని డబ్బా మీద రాశారు. వారం తిరక్కుండానే ఆ పొడి మీదే బొద్దింకలు షికార్లు కొడుతున్నాయి. పొడి నకిలీదా, బొద్దింకలు మొండివా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

రెండూ కాదండీ. మీ ఊరి గాలి బొద్దింక పక్షాన ఉంది.

ఇళ్లలో పురుగుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ తిండి గురించే మాట్లాడతారు. ఎంగిలి గిన్నెలు, చెత్తబుట్ట, మూత లేని డబ్బాలు. అవన్నీ నిజమే, మీకు తెలిసినవే, కాబట్టి వదిలేస్తాను. నాకు సరదా పుట్టించేది పురుగు ఒంట్లోని నీళ్ల లెక్క. చిన్న ప్రాణికి నేల మీద బతకడమంటే క్షణక్షణం ఆరిపోకుండా చూసుకోవడమే. బకెట్లో ముద్దగా పడేసిన తడి తువ్వాలు రెండు రోజులైనా ఆరదు. అదే తువ్వాలును తీగ మీద పరిస్తే రెండు గంటల్లో ఆరిపోతుంది. నీళ్లు అవే, గాలికి తగిలే మేర పెరిగిందంతే. పురుగు పుట్టుకతోనే తీగ మీద పరిచిన తువ్వాలు.

లెక్క వేసి చూడండి. వంటింటి బొద్దింక పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లు, మనిషి దానికి వంద రెట్ల పైనే. పొడవు వంద రెట్లు తగ్గితే చర్మం వైశాల్యం పదివేల రెట్లు తగ్గుతుంది. ఒంట్లోని నీరు మాత్రం పది లక్షల రెట్లు తగ్గుతుంది. అంటే ఒక్కో చుక్క నీటికి మన మీద కన్నా వంద రెట్లు ఎక్కువ చర్మాన్ని బొద్దింక గాలికి పరిచి తిరుగుతోంది. ఈ లెక్క ప్రకారం అది ఒక్క మధ్యాహ్నంలో వడియంలా ఎండిపోవాలి. ఎండడం లేదంటే ఒంటికి ఏదో పూసుకుందన్నమాట.

పూసుకున్నది మైనం. 1935లో కేంబ్రిడ్జి జంతుశాస్త్రవేత్త జె. ఎ. రామ్సే బొద్దింక ఒంటి మీద చిన్న నీటి బొట్టు పెట్టి చూశాడు. ఆవిరి కావాల్సిన బొట్టు అలాగే కూర్చుంది. బొద్దింక ఒంటి మీది జిడ్డు పాకి బొట్టు చుట్టూ పలుచటి తొడుగులా అల్లుకుపోవడం వల్ల నీరు లోపలే చిక్కుకుంది. దాన్ని వేడి చేస్తూ పోతే సుమారు 30 డిగ్రీల దగ్గర ఆ తొడుగు పట్టు తప్పి నీరు చప్పున ఆవిరవడం మొదలైంది. వరసగా పేర్చినట్టున్న మైనం అణువులు ఆ వేడికి కదిలిపోయి, మధ్య సందులు పడ్డాయన్నమాట. పొడవాటి కర్బన గొలుసుల ఈ పొర చాలా పలుచన. దాని కిందున్న కైటిన్ కవచాన్ని మనం పెద్ద కోటగోడ అనుకుంటాం గానీ, నీటిని ఆపడంలో దాని పాత్ర తక్కువ. కాపలా అంతా మైనానిదే. జంతుశాస్త్రం తరగతిలో బొద్దింకను కోసి, నోటి భాగాల పేర్లు వరసగా బట్టీ పట్టి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. చేతికంటిన ఆ జిడ్డు గురించి ఒక్క మాస్టారూ ఒక్క మాట చెప్పలేదు. అసలు కథంతా ఆ జిడ్డులోనే ఉంది.

ఇక తెల్లపొడి దగ్గరికి వద్దాం. కీటక శరీరధర్మ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు విన్సెంట్ విగిల్స్‌వర్త్. 1945లో ఆయన రాసిన పరిశోధన పత్రం ఇప్పటికీ నాకు డిటెక్టివ్ నవలలా అనిపిస్తుంది. నల్లులకు చుట్టమైన, రక్తం తాగే ఒక పురుగును అల్యూమినా పొడి చల్లిన కాగితం మీద నడిపించాడు. పురుగు ఎండి చచ్చింది. పొడిలో విషమేమీ లేదు. మరి పొడి ఒంటికి తగిలితే చాలా? చచ్చిన పురుగును అదే పొడి మీద కదలకుండా ఉంచితే నీటి నష్టం పెద్దగా పెరగలేదు. బతికున్న పురుగైనా పొట్ట నేలకు రాసుకోకుండా ఎత్తి నిలబెడితే క్షేమంగా ఉంది. కాబట్టి చంపుతున్నది పొడి ఒక్కటే కాదు, పొడి మీద పొట్ట ఈడ్చుకుంటూ పురుగు వేసే నడక. ప్రతి అడుగుకీ మైనం గీరుకుపోతుంది. వెండి లవణంతో రంగు పట్టిస్తే ఆ గీతలు ముదురు రంగులో, పలక మీద గీకినట్టు కనబడ్డాయి. కీళ్ల దగ్గర, పొట్ట కింద, ఎక్కడ రాపిడి ఉందో సరిగ్గా అక్కడ.

ఇదే పనిని ఇంకో దారిలో చేసే పొడులు ఉన్నాయి. సిలికా ఏరోజెల్ గీకదు, పీల్చుకుంటుంది. లోపలంతా బుడగబుడగలుగా ఖాళీలుండే ఆ రేణువు, అద్దుడు కాగితం సిరాను లాగినట్టు మైనాన్ని లాగేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వాల్టర్ ఎబెలింగ్ ఇళ్లలో వాడే ఈ రకం పొడుల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. డయాటమ్ మట్టి ఈ రెండు పనులూ కొంత కొంత చేస్తుంది. అది నీటి నాచుజీవుల గాజు పెంకుల పొడి. మీ డబ్బాలో ఉన్నది బహుశా అదే.

మైనం పోయింది సరే. ఇప్పుడు నీరు బయటికి పోవాలి కదా, పోవడానికి గాలిలో చోటుండాలి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. తేమ 50 శాతం ఉన్న ఊళ్లో ఆ గాలికి ఇంకా 15 గ్రాముల దాహం ఉంటుంది. మీ ఊళ్లో తేమ 90 శాతం అనుకుందాం. గాలి దాహం 3 గ్రాములే. పొడి అదే, గీత అదే, బొద్దింక అదే. ఆరే వేగం మాత్రం ఐదో వంతుకు పడిపోయింది. తీగ మీద ఆరేసిన బట్టలు మీ ఊళ్లో ఎందుకు ముక్కవాసన వస్తాయో, పొడి పూసుకున్న బొద్దింక ఎందుకు చావదో, కారణం ఒకటే. దీనికి తోడు పొడి కూడా తేమ పీల్చి గడ్డకడుతుంది.

విగిల్స్‌వర్త్ పత్రంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఇక్కడే పనికొస్తుంది. గీరుకుపోయిన పురుగును వెంటనే తడి గాలిలో ఉంచితే, అది కొత్త మైనాన్ని స్రవించి గీతల్ని చాలావరకు పూడ్చుకుంది. నీటి ఒడ్డు ఊళ్లో గాలి, పురుగు ప్రాణాన్ని కాపాడడంతో ఆగదు. మరమ్మతుకు గడువు కూడా ఇస్తుంది. పైగా పక్కనే సింకులో నాలుగు చుక్కలు దొరికితే పోయిన నీటిని తాగి పూడ్చుకుంటుంది.

ఆ నాలుగు చుక్కల విలువ ఎంతో 1957లో విల్లిస్, లూయిస్ అనే ఇద్దరు కొలిచారు. తిండీ నీరూ రెండూ లేకుండా ఆడ జర్మన్ బొద్దింక పన్నెండు, పదమూడు రోజులు బతికింది. నీరిచ్చి తిండి మానేస్తే సుమారు 42 రోజులు. పొడి తిండి పెట్టి నీరు మానేస్తే మళ్లీ పన్నెండు రోజులే, తిండి ఉన్నా లేనట్టే. ఎంగిలి గిన్నెల మీద మనం చూపే కోపంలో సగం కారే కుళాయి మీద చూపించాల్సింది. (జర్మన్ బొద్దింక అన్న పేరు 1767లో లిన్నేయస్ పెట్టింది. పాపం జర్మన్లకు దానితో సంబంధం లేదు. దాని జన్యువుల్ని చదివి 2024లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, అది సుమారు 2,100 ఏళ్ల కింద భారతదేశంలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి చీలింది. అడవిలో దాని జాడ లేదు. మనిషి ఇల్లే దాని ఊరు.)

బొద్దింక నీళ్లు తాగాలి కాబట్టి కుళాయి కట్టేస్తే దారికొస్తుంది. నోటితో నీరు తాగాల్సిన పనే లేని ఇంటి జీవులున్నాయి. పరుపులోని దుమ్ము పురుగు కంటికి కనబడదు, దానికి నీటిచుక్క దొరకదు. అయినా అది గాలి నుంచే నీరు గుంజుకుంటుంది. ఎలా? వానాకాలంలో ఉప్పు డబ్బా నీరుకారడం చూశారు కదా. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలి నుంచి నీరు లాగి తనంతట తనే కరిగిపోతుంది. దుమ్ము పురుగు సరిగ్గా ఈ కిటుకే పట్టింది. ముందుకాళ్ల మొదట్లో ఉన్న గ్రంథుల నుంచి సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిసిన ద్రవాన్ని వదులుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని, సన్నటి కాలవ వెంట నోట్లోకి జారుతుంది. రెండు ఉప్పులు కలిస్తే ఒంటరి ఉప్పు కన్నా తక్కువ తేమలోనే నీరుకారతాయి. అందుకే 25 డిగ్రీల దగ్గర దాని గీటు సుమారు 73 శాతం. అంతకు మించి తేమ ఉన్న గదిలో దానికి నీటి కొరత ఉండదు. తేమ 50 శాతం లోపే నిలిపి ఉంచితే ఉప్పు గ్రంథుల నోళ్ల దగ్గరే గడ్డకడుతుంది, పురుగు మెల్లగా ఎండుతుంది. ఒక జీవి బతుకు గీటును రసాయనశాస్త్రం పట్టికలో వెతుక్కోవచ్చు! ఇంతకన్నా అందమైన సంగతి నాకు ఇంటి పురుగుల్లో కనబడలేదు.

పాత పుస్తకం తెరిస్తే పేజీ మీద పరుగెత్తే లేతరంగు పుస్తకపు పేను ఇంకో అడుగు ముందుకేసింది. దానికి 60 శాతం తేమ చాలు. అది తినేది కాగితం మీద పట్టిన బూజును. మందు కొడితే పేను చస్తుంది, బూజు ఉంటుంది, నెలలో కొత్త పేలు వస్తాయి.

చెదపురుగులది పూర్తిగా ఇంకో దారి. మట్టి రేణువుల మధ్య రోజంతా రాసుకుంటూ తిరిగేవాటికి మైనం నిలవడం కష్టం. నేలలో పట్టిన పురుగుల ఒంటి మీద కూడా విగిల్స్‌వర్త్ గీతల్ని చూశాడు. అందుకే చెదలు తడి గాలిని వెంట తీసుకెళ్తాయి. గోడ మీద కనబడే ఆ మట్టి గొట్టం, పనివాళ్లు ఆరిపోకుండా నడవడానికి వేసుకున్న చెమ్మ సొరంగం. తేమ ఎక్కువున్న తీర నగరాల్లో ఫార్మోసా చెద మరీ ఘోరం. పైకప్పు కారి గోడ లోపల తడి నిలిస్తే నేలతో పొత్తే అక్కర్లేదు, మట్టి, నమిలిన చెక్క, లాలాజలం కలిపి పై అంతస్తులోనే గూడు కట్టేస్తుంది. గొట్టాన్ని గీకేసి గెలిచామనుకోవద్దు, గుంపు లక్షల్లో ఉంటుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నాన్-యావ్ సు రూపొందించి, 1995లో మార్కెట్లోకి వచ్చిన ఎర పద్ధతి వేరే తర్కం మీద నడుస్తుంది. హెక్సాఫ్లుమురాన్ కలిపిన ఎరను పనివాళ్లు గూటికి తీసుకెళ్లి ఒకదాని నోటికి ఒకటి అందిస్తాయి. ఆ మందు కొత్త కైటిన్‌ను తయారు కానివ్వదు. కుబుసం విడిచే రోజున లోపల కొత్త చర్మం సరిగ్గా తయారై ఉండదు, అంతే. మందు నెమ్మదిగా పనిచేయడమే దాని బలం. గబుక్కున చంపితే పంచడానికి ఎవరూ మిగలరు.

అందరూ అడిగే ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ పెట్టె గురించి. అది మన కాలపు తాయెత్తు. 2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అరవైకి పైగా తయారీదారులకూ అమ్మకందారులకూ, మీ ప్రకటనలకు శాస్త్రీయ ఆధారం చూపండి అని హెచ్చరిక ఉత్తరాలు రాసింది. తాయెత్తు కనీసం కరెంటు కాల్చదు. సబ్బునీళ్లు మాత్రం తాయెత్తు కాదు. మైనం నీటిని దగ్గరికి రానివ్వదు కాబట్టే బొద్దింక తడిసినా ఊపిరి రంధ్రాల్లోకి నీరు దిగదు. సబ్బు ఆ నీటి తలతన్యతను చంపేస్తుంది, నీరు రంధ్రాల్లోకి పాకి బొద్దింక ఉక్కిరిబిక్కిరవుతుంది. కళ్ల ముందున్న ఒక్కదానికి చాలు, గోడ వెనకున్న వందకు పనికిరాదు.

గోడ వెనకున్నవాటికి జెల్ ఎర నయం. విషం తిన్న పెద్ద బొద్దింక రెట్టను పిల్లలు తింటాయి, అలా మందు మనం చేరలేని సందుల్లోకి వెళ్తుంది. అయితే ఎరలో తీపి కోసం గ్లూకోజ్ వాడిన కాలంలో, కొన్ని ఇళ్లలో బొద్దింకలు దాన్ని ముట్టడం మానేశాయి. కారణం 2013లో తేలింది. వాటిలో గ్లూకోజ్, చేదును గుర్తించే నాడుల్ని కూడా తట్టి లేపుతోంది. తీపే చేదుగా మారిన వంశం పెరిగింది. ఒక కంపెనీ జెల్ పనిచేయకపోతే రెట్టింపు పూయకండి, వేరే రకం జెల్‌కి మారండి.

పాఠకురాలికి చెప్పింది ఇది. ఆ పొడిని వంటింటి మూలల్లోంచి తడిగుడ్డతో తుడిచేయండి, ఊడిస్తే లేచి మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఎప్పుడూ పొడిగా ఉండే మూసిన సందులుంటే అక్కడే వాడండి, అదీ పల్చగా. తర్వాత గొట్టాల్ని చూడండి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి సుమారు 26 డిగ్రీల చల్లటి వస్తువు తగిలితే చాలు, నీరు కక్కుతుంది. అంటే మీ సింకు కింద చల్లటి నీటి గొట్టం ఎక్కడా కారకపోయినా రాత్రంతా చెమరుస్తుంది, బొద్దింకలకు అదే చలివేంద్రం. దానికి స్పాంజి తొడుగు వేయించండి. వేయించే ముందు ఒక రాత్రి సింకు కింద పాత కాగితాలు పరిచి పొద్దున్నే చూడమన్నాను.

ఆవిడ ఫొటో పంపారు. కాగితం మధ్యలో అరచేయంత తడి మచ్చ. దాని అంచు చుట్టూ మిరియం పొడి చల్లినట్టు నల్లటి రెట్టలు. జెల్ బొట్టు ఎక్కడ పెట్టాలని మళ్లీ అడగలేదు.