ఎస్‌ఎస్‌హెచ్, ఎన్‌ఎఫ్‌ఎస్: రోజూ వినే అపోహలు - వాస్తవాలు

లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. వాటిలోకి దూరం నుంచి లాగిన్ అయ్యేది ఎస్‌ఎస్‌హెచ్‌తో, ఫోల్డర్లను నెట్‌వర్క్ మీద పంచుకునేది ఎన్‌ఎఫ్‌ఎస్‌తో. కొత్తగా చేరినవాళ్లే కాదు, సీనియర్లు కూడా నమ్మే మాటలు కొన్ని ఇవి.

అపోహ: ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి మొదలుపెట్టిన ప్రోగ్రామ్ నడిచేది సర్వర్‌లో కదా, నా ల్యాప్‌టాప్ మూసేస్తే దానికేంటి?

వాస్తవం: నడిచేది అక్కడే, కానీ మీ టెర్మినల్‌కి (మీరు కమాండ్‌లు కొట్టే సెషన్‌కి) కట్టుబడి నడుస్తుంది. ఆ టెర్మినల్ పోయిందని తెలియగానే దాంట్లో మొదలైన ప్రోగ్రామ్‌లకి హ్యాంగప్ సిగ్నల్ (లైన్ తెగిందని చెప్పే సందేశం) వెళ్తుంది. చాలావరకు అక్కడికక్కడే చచ్చిపోతాయి. ఇంట్లో వైఫై పోయి అర్ధరాత్రి డేటాబేస్ ఇంపోర్ట్ సగంలో ఆగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కమాండ్ చివర ఆంపర్‌శాండ్ (&, వెనకాల నడవమనే గుర్తు) తగిలిస్తే చాలనుకోవద్దు. లాగిన్ కాగానే టీమక్స్ (లైన్ తెగినా సర్వర్‌లో టెర్మినల్‌ని బతికించి ఉంచే ప్రోగ్రామ్) తెరిచి, అందులో పని మొదలుపెట్టండి. లైన్ తెగినా మళ్లీ వెళ్లి అందుకోవచ్చు.

అపోహ: షేర్డ్ ఫోల్డర్‌లో ఫైలుకి 600 పర్మిషన్ (ఓనర్ మాత్రమే చదివి, రాయగలిగే సెట్టింగ్) పెట్టాను, ఇక నేను తప్ప ఎవరూ తెరవలేరు.

వాస్తవం: నేను ఎక్కువసార్లు వాదించింది దీని మీదే. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్, మామూలు సెట్టింగ్‌లో పర్మిషన్ తేల్చేటప్పుడు మీ పేరు చూడదు, యూజర్ నంబర్ చూస్తుంది. ఆ నంబర్ చెప్పేది కూడా క్లయింట్ మిషనే, అంటే ఆ ఫోల్డర్‌ని వాడుకునే కంప్యూటరే. "నేను 1001" అంటే సర్వర్ "సరే, రా" అంటుంది. పాస్‌వర్డ్ అడగదు.

ఒకచోట పనిచేసేటప్పుడు ఓ ట్రైనీ వచ్చి, "అన్నా, ఈ జీతాల ఫైలు నా పేరు మీద కనిపిస్తోంది, నేను చేయలేదు" అన్నాడు. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌ కమాండ్‌కి, పేర్ల బదులు నంబర్లు చూపమని మైనస్ ఎల్‌ఎన్ తగిలించి చూస్తే ఓనర్ దగ్గర 1001 అని ఉంది. అకౌంట్స్ మేడమ్ మిషన్‌లో ఆమె నంబర్ 1001. కొత్తగా వేసిన టెస్ట్ మిషన్‌లో ఈ అబ్బాయిదీ 1001. పాపం, అతను నిజాయితీగా వచ్చి చెప్పాడు కాబట్టి బయటపడింది.

"రూట్ స్క్వాష్ ఆన్‌లో ఉందిగా" అంటారు. అది ఆపేది రూట్‌ని, అంటే అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్‌ని మాత్రమే. క్లయింట్‌లో రూట్ ఉన్నవాడు ఒక్క ఎస్‌యూ కమాండ్‌తో 1001గా మారి లోపలికి వెళ్తాడు. ఎల్‌డాప్ (యూజర్ల వివరాలు ఒకేచోట ఉంచే డైరెక్టరీ) పెట్టి అన్ని మిషన్లలో నంబర్లు ఒకటే చేస్తే ఇలాంటి పొరపాట్లు పోతాయి. కావాలని చొరబడేవాడిని ఆపాలంటే మాత్రం కెర్బెరోస్ (యూజర్ ఎవరో రుజువు అడిగే పద్ధతి) పెట్టాల్సిందే. సెటప్ తలనొప్పే, కాదనను.

అపోహ: ఎస్‌ఎస్‌హెచ్‌లో హోస్ట్ కీ (సర్వర్ గుర్తింపు) మారిందని వార్నింగ్ వస్తే నోన్ హోస్ట్స్ (ఇదివరకు చూసిన సర్వర్ల కీలు దాచే) ఫైల్లో ఆ లైన్ తీసేస్తే సరి.

వాస్తవం: ఫిన్లాండ్‌లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించారనే 1995లో అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అవతల ఉన్నది నిజంగా మన సర్వరేనా అని చూసే కాపలా ఆ వార్నింగ్. సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారేమో అడగండి, ఆ కీ ఫింగర్‌ప్రింట్ (కీకి పొట్టి రూపం) ఫోన్‌లో చదివించుకుని సరిపోల్చండి, తర్వాతే లైన్ తీయండి.

అపోహ: ఆర్‌సింక్ (ఫోల్డర్‌ని ఇంకోచోటికి కాపీ చేసే టూల్) రోజూ నడుస్తోంది, బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: డిలీట్ ఆప్షన్ పెట్టి ఉంటే, పొద్దున మీరు పొరపాటున చెరిపేసిన ఫోల్డర్‌ని రాత్రికి అది కాపీలోంచి కూడా చెరిపేస్తుంది.