చాందీపురా: మనకు తెలిసిన జ్వరమే

2024 వానాకాలంలో గుజరాత్‌లో పిల్లలు జ్వరం, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలవుతుంటే చాందీపురా వైరస్ పేరు కొత్తగా వార్తల్లోకెక్కింది. మనకు మాత్రం అది పాత శత్రువే.

నాగపూర్ దగ్గర చాందీపురా అని ఒక ఊరు. 1965లో అక్కడ జ్వరంతో ఉన్న ఇద్దరి రక్తంలో పుణె శాస్త్రవేత్తలు ఈ వైరస్‌ను పట్టుకున్నారు, ఊరి పేరే పెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జబ్బుపడ్డారు. 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ వైపు ఊళ్లు బాగా దెబ్బతిన్నాయి. పొద్దున జ్వరం, సాయంత్రానికి వాంతులు, ఫిట్స్, ఆపై కోమా. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. మెదడువాపు అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే దోమలూ పందులూ అని అలవాటుపడిన యంత్రాంగానికి ఇది అంతుబట్టలేదు. నమూనాలు పుణె వెళ్లి పరీక్షలయ్యాకే అసలు పేరు బయటపడింది. ఇది అసలు మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు తగిలే దెబ్బ అని వాదించిన డాక్టర్లూ ఉన్నారు.

ఒక్క రోజులో ప్రాణం తీసే జబ్బు దగ్గర ల్యాబ్ రిపోర్ట్ కన్నా ముందు కావాల్సింది బండి. అప్పటికి 108 లేదు, అది మొదలైంది 2005 ఆగస్టులో. జ్వరమే కదా అని ఒక రాత్రి ఆగిన తల్లిదండ్రులను తప్పుపట్టడం నాకైతే న్యాయం అనిపించదు.

దీన్ని మోసుకొచ్చేది ప్రధానంగా శాండ్‌ఫ్లై. దోమ కన్నా చాలా చిన్నది. మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో దాక్కుంటుంది. ఎత్తుకు ఎగరలేదు, అందుకే మందు గోడల కింది భాగాన, పగుళ్లలో పడాలి. వీధిలో పొగ కొట్టి వెళ్లిపోతే దానికేం కాదు.

2004లో గుజరాత్‌లో మళ్లీ వచ్చింది. 2024లో ఆగస్టు మధ్యకల్లా దేశంలో మెదడువాపు లక్షణాలతో 245 కేసులు, 82 మరణాలు నమోదయ్యాయి, వాటిలో 64 కేసులు చాందీపురాగా తేలాయి. గత 20 ఏళ్లలో ఇదే అతి పెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈసారి పరీక్షలు త్వరగా జరిగాయి, పల్లెల్లో ఇంటింటి సర్వేలు చేశారు, మందు చల్లారు. పిల్లాడు ఆసుపత్రికి చేరాక మాత్రం 2003లో చేసిందే చేశారు: జ్వరం తగ్గించడం, ఫిట్స్ ఆపడం, మెదడులో ఒత్తిడి పెరగకుండా చూడడం. ఈ వైరస్‌కు ప్రత్యేకమైన మందు గానీ టీకా గానీ అప్పటికీ రాలేదు.