యురవాన్: కనుమరుగైన యురేనియం ఊరి గురించి అపోహలు - వాస్తవాలు

రేడియేషన్ భద్రత నా ఉద్యోగం. అమెరికాలో పాత యురేనియం గనుల చుట్టుపక్కల మీటరు పట్టుకుని తిరుగుతుంటానని తెలిసినప్పటి నుంచి బంధువులకు నా ఆరోగ్యం మీద టెన్షన్. వాళ్ళు ఎక్కువగా అడిగేది యురవాన్ గురించి. కొలరాడో రాష్ట్రంలో పడమటి అంచున, శాన్ మిగెల్ నది ఒడ్డున ఉండేది ఆ ఊరు. 1936లో యు.ఎస్. వెనేడియం కార్పొరేషన్ తన పనివాళ్ళ కోసం కట్టింది. యురేనియం, వెనేడియం అనే రెండు లోహాల పేర్లను అతికించి ఊరికి పేరు పెట్టారు. ఆ కంపెనీ యూనియన్ కార్బైడ్‌కు పిల్ల సంస్థ. అవును, మన భోపాల్ యూనియన్ కార్బైడే.

అపోహ: రాత్రయితే ఊరంతా పచ్చగా వెలిగేది.

లేదు. అక్కడి ఖనిజం పేరు కార్నోటైట్. చూడ్డానికి పసుపు పొడిలా ఉంటుంది, చీకట్లో ఏమీ వెలగదు. వెలిగే గడియారాల కథ వేరు: ఆ రంగులో రేడియంతో పాటు జింక్ సల్ఫైడ్ కలిపేవారు, వెలుగు దానిది. సినిమాలు రెండింటినీ కలిపేశాయి.

అపోహ: అణుబాంబు కోసమే ఆ ఊరు పుట్టింది, మేడమ్ క్యూరీ కూడా వచ్చి చూసి వెళ్ళింది.

కార్నోటైట్‌లో మూడు సరుకులుంటాయి: రేడియం, వెనేడియం, యురేనియం. ఒక్కో కాలంలో ఒక్కోదానికి గిరాకీ. మొదట రేడియం. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ వైట్‌హౌస్‌లో క్యూరీకి బహూకరించిన ఒక గ్రాము రేడియం ఈ వైపు రాయి నుంచి తీసిందే. ఆ ఒక్క గ్రాముకు దాదాపు 500 టన్నుల రాయి పట్టింది. ఆ ప్రయాణంలో ఆమె చూసింది మాత్రం పెన్సిల్వేనియాలో రేడియం శుద్ధి చేసే కార్ఖానాని. తర్వాత బెల్జియన్ కాంగో నుంచి ఇంకా మేలైన ఖనిజం రావడంతో ఇక్కడి రేడియం వ్యాపారం పడిపోయింది. ఉక్కును గట్టిపరచడానికి వెనేడియం కావాల్సి వచ్చాక ఊరు వెలిసింది. అప్పట్లో యురేనియం అంటే పారబోసే చెత్త. 1943లో అణుబాంబు కోసం సైన్యం వచ్చి ఆ చెత్తలోంచే యురేనియం తీయించింది. రాయి నుంచి లోహం తీసే మిల్లులో పనిచేసేవాళ్ళకు మాత్రం ఇదంతా వెనేడియం కోసమేనని చెప్పారు.

అపోహ: కంపెనీ ఊరంటే బానిస బతుకు.

నేను సింగరేణి క్వార్టర్లలో పెరిగాను కాబట్టి దీనికి అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. యురవాన్‌లో బడి ఉండేది, వైద్యశాల, పోస్టాఫీసు, కొట్టు ఉండేవి, ఈతకొలను, టెన్నిస్ కోర్టులు కూడా. చుట్టూ ఎర్రరాతి లోయ, మరో ఊరికి పోవాలంటే కారెక్కాల్సిందే, అందుకని అందరికీ అందరూ తెలుసు. అక్కడ పెరిగినవాళ్ళు ఆ రోజుల గురించి ఎంత ప్రేమగా చెబుతారో వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ ఇల్లు కంపెనీది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే పెరట్లో నువ్వు నాటిన చెట్టు నీది. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాల్సిన బెంగ మా నాన్న మొహంలో చూశాను, అందుకే ఆ సంగతి నాకు వేరేవాళ్ళు వివరించక్కర్లేదు.

అపోహ: యురేనియం ముట్టుకున్నందుకే గని కార్మికులు చనిపోయారు.

నా వృత్తిలో అన్నిటికంటే ఎక్కువసార్లు సరిదిద్దాల్సి వచ్చే మాట ఇది. యురేనియం సగం తరగడానికి సుమారు 450 కోట్ల ఏళ్ళు పడుతుంది, అంటే అది చాలా నెమ్మదిగా రేడియేషన్ వదులుతుంది. గనిలో ప్రాణం తీసింది రేడాన్ అనే వాయువు. రంగు లేదు, వాసన లేదు. రాయిలోని రేడియం నుంచి పుడుతుంది, నాలుగు రోజుల్లోపే సగం తరిగి పొలోనియం లాంటి పదార్థాలుగా మారుతుంది. అవి ధూళికి అంటుకుని ఊపిరితో లోపలికి పోయి, ఊపిరితిత్తుల గోడల మీద కూర్చుని ఆల్ఫా కణాలు అనే రేడియేషన్ వదులుతాయి. సిగరెట్ అలవాటు కూడా తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

దీనికి మందు ఏమిటంటే గాలి. మంచి ఫ్యాన్లు, సరైన గొట్టాలు. అంతే, ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. ఐరోపా గనుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి అప్పటికే తెలుసు. అమెరికా ప్రజారోగ్య శాఖ 1950లో ఇక్కడి కార్మికులను పరీక్షించడం మొదలుపెట్టింది, కానీ ముప్పు ఏమిటో వాళ్ళకు నోరు విప్పి చెప్పలేదు. రేడాన్ మీద దేశమంతటికీ వర్తించే పరిమితి వచ్చింది 1967లో. ఆ రెండింటి మధ్య 17 ఏళ్ళలో కార్మికులు, వాళ్ళలో ఎందరో నవాహో తెగవాళ్ళు, ఫ్యాన్లు లేని గనుల్లో గోడల నుంచి కారే నీళ్ళు తాగారు, ధూళి బట్టలతో ఇంటికొచ్చారు. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతికారు. పరిహార చట్టం 1990లో వచ్చింది, అప్పటికి చాలా ఇళ్ళలో దరఖాస్తు మీద సంతకం పెట్టింది భార్యలే.

అపోహ: యురేనియం తీసేశాక మిగిలింది ఉత్త ఇసుకే.

ఇలా ఇంజినీర్లు కూడా అనగా విన్నాను! రేడియోధార్మిక పదార్థాల్లో మిల్లు తీసుకునేది యురేనియం ఒక్కదాన్నే. రేడియం, థోరియం ఇసుకలోనే ఉండిపోతాయి. రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం టైలింగ్స్ అని పిలిచే ఆ మిగులు ఇసుక గుట్టలోనే ఉంటుంది. ఉత్తరాన గ్రాండ్ జంక్షన్ పట్టణంలో మిల్లువాళ్ళు ఆ ఇసుకను ఊరికే ఇచ్చేవారు. సన్నగా, శుభ్రంగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు, మేస్త్రీ ఎవరైనా వద్దంటాడా? పునాదుల కింద, కాంక్రీటులో, తోటల్లో వేసుకున్నారు. తర్వాత ప్రభుత్వం నాలుగు వేలకు పైగా స్థలాల్లో ఆ ఇసుకను తవ్వి తీయించాల్సి వచ్చింది.

అపోహ: ఏదో పేలుడు జరిగి జనం రాత్రికి రాత్రే పారిపోయారు.

చెర్నోబిల్ చూసి అల్లుకున్న కథ. ఇక్కడ పేలింది ఏమీ లేదు. యురేనియం ధర పడిపోయింది, 1984లో మిల్లు మూతపడింది, 1986లో ప్రభుత్వం ఆ స్థలాన్ని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చింది, ఆ ఏడాది చివరికి ఊరు ఖాళీ. చాలామంది ఇష్టం లేకుండానే వెళ్ళారు. తర్వాత రెండు మిల్లులతో పాటు ఊళ్ళోని 260 దాకా కట్టడాలను విప్పేశారు. ఆ శిథిలాలను, వ్యర్థాలను మట్టీ రాళ్ళూ కప్పి పాతిపెట్టారు. శుభ్రం చేసే పని ముగిసేసరికి 2008 వచ్చింది.

ఇప్పుడు అటు వెళితే ప్రమాదమా? రాష్ట్ర రహదారి 141 ఆ పక్కనుంచే పోతుంది, కారులో దాటినవాళ్ళకు ఏమీ కాదు. కంచె దాటకండి, పాత గనుల్లోకి అసలే దూరకండి, చాలు.

పాత ఊరివాళ్ళు ఏటా ఒకసారి అక్కడ కలుసుకుని కలిసి భోజనాలు చేస్తారు. నేను వెళ్ళినప్పుడు, అక్కడే పెరిగిన ఒకావిడ తమ ఇల్లు ఎక్కడ ఉండేదో నాకు చూపించబోయారు. నది వంపును, ఎదురుగా ఉన్న కొండను గుర్తు పెట్టుకుని ఒకచోట నిలబడ్డారు. కాదనుకుని పది అడుగులు పక్కకు జరిగారు, మళ్ళీ వెనక్కి వచ్చారు. నా మీటరు కారులోనే ఉండిపోయింది.